ఒంటిగంట ఆటల కార్యక్రమం: మా అత్తయ్య వచ్చిన ఎపిసోడ్ ఎవరైనా చూశారా?

గంటస్తంభం (విజయనగరం)

ఒక వింత వెతుకులాట మీద వచ్చాను. మా అత్తయ్య, అంటే మా నాన్నగారి చెల్లెలు, 2014లో ఒక టీవీ కార్యక్రమానికి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వచ్చే, ఆడవాళ్లు మాత్రమే ఆడే ఆటల కార్యక్రమం. షూటింగ్ ఆగస్టులో అయింది. అక్టోబరు 15, బుధవారం ప్రసారమవుతుందని ఫోను చేసి చెప్పారు. అత్తయ్య క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, ఆ గడిలో పాల లెక్క కూడా రాయనివ్వలేదు.

అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

మన ఊరివాళ్లకు మిగతాది చెప్పనక్కరలేదు. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. బుధవారం ఒంటిగంటకు అత్తయ్య నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. అదే సమయానికి రాష్ట్రమంతా ఆవిడ పట్టుచీరలో ఆడుతూ కనబడ్డారు. గుంటూరులోని బంధువులు చూశారట. ఫోన్లు కలిశాక ‘బాగానే చేశావు’ అన్నారు. ఆ ‘బాగానే’ అంటే ఏమిటో ఆవిడకు ఇప్పటికీ తేలలేదు.

ఏ చానలని అడిగితే, ‘నవ్వుముఖం అమ్మాయి వస్తుందే, కాస్త పెద్ద గొంతు, నన్ను అమ్మా అని పిలిచింది, అది’ అంటారు. ఎవరి దగ్గరైనా ఆ రోజుది రికార్డు చేసి ఉందా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

నవ్వుముఖం, పెద్ద గొంతు అంటే తెలుగు దేశంలో ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది సుమే. ఈటీవీలో స్టార్ మహిళ పన్నెండేళ్లు నడిచింది. పాలక్కాడులో పుట్టిన మలయాళీ ఆడపడుచు మన ఆడవాళ్ల చేత ఇంత తెలుగు మాట్లాడించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒకసారి మే నెలలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి గుజరాతీపేట దాకా మిట్టమధ్యాహ్నం నడిచాను. సైకిలు పంక్చరైంది. రోడ్డు మీద మనిషి లేడు, కుక్కలు కూడా గోడ నీడకు చేరాయి. ఏ కిటికీ పక్కనుంచి వెళ్లినా అదే గొంతు. ఒక ఇంటి దగ్గర ప్రశ్న వింటే, నాలుగు ఇళ్లు దాటాక జవాబు వినబడింది. మా ఇంటికి వచ్చేసరికి ప్రకటనలు వస్తున్నాయి. అమ్మ అప్పుడు లేచి నాకు అన్నం పెట్టింది. అంతకు ముందు పెట్టదు.

పక్క బెంచీ

పెద్ద గొంతు అన్నారు కాబట్టి ఉదయభాను పేరు కూడా వదలకండి. వేణుమాధవ్‌తో కలిసి చేసిన వన్స్ మోర్ ప్లీజ్, తర్వాత సాహసం చేయరా డింభకా, ఇవన్నీ మేము ఎగబడి చూసినవే. కాకపోతే అవి ఆడవాళ్ల మధ్యాహ్నపు ఆటల కోవలోకి రావు. నా ఓటు కూడా మొదటి పేరుకే.

ఏమైనా ఆ రోజుల్లో మోసం లేదండీ. ఇప్పటి కార్యక్రమాల్లో నవ్వు కూడా ముందే రాసి ఇస్తున్నారు.

గంటస్తంభం (విజయనగరం)

నలుగురు యాంకర్ల ఫొటోలు ఫోనులో చూపించాను. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ‘ఈ అమ్మాయే కావచ్చు, ఆ అమ్మాయైనా కావచ్చు. అంత రంగు పూస్తే అందరూ ఒకేలా ఉంటారు. ఆ రోజు నేనూ అలాగే ఉన్నాను’ అన్నారు.

షూటింగ్ సంగతులు మాత్రం పూస గుచ్చినట్టు చెబుతారు. రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరి, పొద్దున్న ఏడింటికల్లా స్టూడియోలో ఉన్నారట. ఒకే రోజు నాలుగు ఎపిసోడ్లు తీశారు. యాంకర్ నాలుగు చీరలు మార్చింది. వీళ్లది నాలుగోది కావడంతో సాయంత్రం దాకా అదే చీర నలగకుండా నిలబడ్డారు. లోపల ఏసీ చలికి తోటివాళ్లంతా కొంగులు కప్పుకున్నారు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఒక కుర్రాడు చేయి ఊపి చెప్పేవాడట.

అసలు కథ గ్లాసులది. నిమిషంలో గ్లాసులను గోపురంలా పేర్చాలి. ఆ ఆట ఉంటుందని ముందే తెలిసి, అత్తయ్య ఇంట్లో మూడు వారాలు సాధన చేశారు. మా ఇంటి స్టీలు గ్లాసులు చాలక పక్కింటివి కూడా తెచ్చుకున్నారు. నలభై సెకన్లలో గోపురం లేపేవారు. అక్కడికి వెళితే ఇచ్చినవి ప్లాస్టిక్ గ్లాసులు. బరువు లేదు, పైనుంచి ఏసీ గాలి. చివరి గ్లాసు పెట్టబోతుంటే మొత్తం కూలింది. ఇప్పటికీ మా ఇంట్లో పెళ్లి భోజనాలకు ప్లాస్టిక్ గ్లాసులు తెస్తే ఆవిడ మొహం మారుతుంది.

పోస్టు మాస్టారు, విశ్రాంత (నరసన్నపేట)

మీరంతా కేబుల్ కాలం వాళ్లు. నేను దూరదర్శన్ వాణ్ణి.

సురభి అని ఒక కార్యక్రమం, సిద్ధార్థ్ కక్, రేణుకా శహానే నడిపేవారు. అచ్చంగా ఆటల కార్యక్రమం కాదు గానీ చివరన ప్రశ్న ఉండేది, జవాబు పంపితే బహుమతి ఉండేది. 1993లో ఒక్క వారంలో 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. పదిహేను పైసల కార్డు అది. ఒక్కో కార్డు మీద ప్రభుత్వానికి నష్టమే. ఆ వరద చూసి తపాలా శాఖ పోటీల కోసం ప్రత్యేకంగా రెండు రూపాయల కార్డు తెచ్చింది. కౌంటరులో కూర్చుని ఆ తిట్లన్నీ తిన్నది నేను.

చాలామంది జవాబు తెలిసినా చిరునామా ఇంగ్లీషులో రాయలేక నా దగ్గరకు వచ్చేవారు. ‘బాబూ, నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాసిపెట్టు’ అనేవారు. కార్డు నాలుగు మూలలా పసుపు రాసి తెచ్చేవారు, శుభలేఖలాగా. నా వేళ్లకు అంటేది. ఢిల్లీలో ఎవరైనా కార్డులు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, నరసన్నపేట మొత్తం మీద చదువుకున్నవాడు ఒక్కడే అనుకునేవారు. ఒక్క కార్డుకూ బహుమతి రాలేదు. నా చేతిరాతే అచ్చిరాలేదని ఒకావిడ తర్వాత వేరేవాళ్ల చేత రాయించుకుంది.

అంతకు ముందు 1985లో సిద్ధార్థ బసు క్విజ్ టైమ్. ప్రశ్న ఇంగ్లీషులో, జవాబు ఇంగ్లీషులో. మాకు అర్థమైంది గంట శబ్దం ఒక్కటే. అయినా వీధిలో ఉన్న ఒక్క టీవీ ముందు ఇరవైమందిమి కూర్చుని, ఎవరు ముందు నొక్కారో అని తగువు పడేవాళ్లం. ఆ బసు గారే తర్వాత కౌన్ బనేగా కరోడ్‌పతి వెనక ఉన్నారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

2000 జూలై 3న మొదలైంది అది. మా ఇంట్లో హిందీ వచ్చినవాళ్లు లేరు, అయినా రాత్రి తొమ్మిదికి అందరూ హాజరు. అమితాబ్ గొంతుకు అనువాదం అక్కరలేదని మా నాన్నగారి వాదన. 2014లో నాగార్జున తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు మొదలుపెట్టేదాకా మేము సగం ఊహ మీదే చూశాం.

కానీ గమనించారా, రాత్రి టీవీ చూసేటప్పుడు రిమోటు నాన్నగారిది. జవాబు ముందే చెప్పేది ఆయనే, తప్పయితే ‘అదే అనబోయాను’ అనేదీ ఆయనే. మధ్యాహ్నం రిమోటు అమ్మది. ఆ గంటలో ఆవిడను ఎవరూ మంచినీళ్లు అడిగేవారు కాదు.

బొబ్బిలి టు డాలస్

మా అమ్మ బొబ్బిలి దాటి ఎరగదు. 2005లో ఆరు నెలలు నా దగ్గర ఉంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళితే ఇంట్లో ఒంటరిగా టీవీ తిప్పి తిప్పి ఒక కార్యక్రమం దగ్గర ఆగిపోయింది. అదే ది ప్రైస్ ఈజ్ రైట్. మా వైపు పొద్దున్న పదింటికి వచ్చేది. నలుగురిని పిలిచి ఒక వస్తువు చూపిస్తారు. ధర చెప్పాలి. అసలు ధర దాటకుండా ఎవరు దగ్గరగా చెబితే వాళ్లు పైకి వెళతారు. దాటితే పోయినట్టే. ముగ్గురూ ఎక్కువ చెప్పారనిపిస్తే నాలుగో మనిషి ‘ఒక డాలరు’ అంటాడు. అది చూసి అమ్మ, ‘ఈ తెలివి మన శనివారం సంతలో పుట్టింది’ అంది.

మొదటి నెలలో ప్రతి ధరనూ నలభై అయిదుతో హెచ్చవేసి గుండె మీద చేయి వేసుకునేది. రెండో నెల నుంచి నాతో సరుకుల దుకాణానికి రావడం మొదలుపెట్టింది. కొనడానికి కాదు. నేను బండి తోసుకుంటూ వెళుతుంటే వెనక నిలబడి సబ్బుల డబ్బాలు, సూపు డబ్బాలు తిప్పి తిప్పి ధరల చీటీలు చదివేది. మూడో నెలకల్లా టీవీలోవాళ్లను ఓడించింది. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఒక్క ముక్క రాదు.

నడిపే ఆయన బాబ్ బార్కర్, తెల్లజుట్టు. 1956 చివర్లో ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్ అనే ఆటల కార్యక్రమంతో మొదలుపెట్టిన మనిషి, ఇది 1972 నుంచి 2007 దాకా నడిపారు. రోజూ ముగింపులో, మీ కుక్కలకూ పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి అని చెప్పేవారు. అంత గంభీరంగా రోజూ ఏం చెబుతున్నాడని అమ్మ అడిగింది. ఏ ప్రవచనమో అనుకుందట. నేను తెలుగులో చెప్పాక అరగంట నవ్వి, ‘ఇది మన మునిసిపాలిటీవాళ్లకు వినిపించాలి’ అంది.

2023 ఆగస్టులో ఆయన తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయారు. ఫోనులో అమ్మకు చెప్పాను. ఒక్క క్షణం ఆగి, ‘నూరు దాటకుండా దగ్గరగా వచ్చాడన్నమాట’ అంది.

చేదు కాకర

అందరూ కళ్లు తుడుచుకోవడం అయ్యాక ఒక మాట. ఈ కార్యక్రమాల అసలు పని సబ్బులు, వంటనూనెలు అమ్మడం. ఒంటిగంటకు ఇంట్లో కొనుగోళ్లు నిర్ణయించే మనిషి కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ వేళకు పెట్టారు. మీ అత్తయ్యగారి గ్లాసులు కూలినా వాళ్ల అమ్మకాలు కూలలేదు.

‘ఆ రోజుల్లో మోసం లేదు’ అన్న పక్క బెంచీ గారికి: అమెరికాలో 1958లో డాటో అని పగటిపూట క్విజ్ ఒకటి సీబీఎస్ చానల్లో వచ్చేది. తన వంతు కోసం తెర వెనక ఎదురుచూస్తున్న ఒకతను, ఆడుతున్న మనిషి నోటుపుస్తకం తెరిచి చూస్తే జవాబులన్నీ అందులో ఉన్నాయి. ఆగస్టులో కార్యక్రమాన్ని ఉన్నపళంగా ఆపేశారు. అక్కడి నుంచి తీగ లాగితే ట్వెంటీ వన్ అనే ఇంకో క్విజ్ డొంక కదిలింది. చార్లెస్ వాన్ డోరెన్ అనే కళాశాల అధ్యాపకుడు దేశమంతా మెచ్చిన విజేత. జవాబులు ముందే ఇచ్చారని 1959 నవంబరులో అక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, కమిటీ ముందు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఇలాంటి మోసం నేరమని చట్టం చేశారు. పాతదంతా బంగారం కాదండీ.

పక్క బెంచీ

వాళ్లకు చీటీ రాసి ఇచ్చారు. మన అత్తయ్యగారికి కనీసం గ్లాసులు ఎలాంటివో కూడా చెప్పలేదు. మోసం ఎక్కడ ఉంది?

లెక్కల మాస్టారు (ఆమదాలవలస)

పగటి ఆటల ప్రస్తావన వచ్చింది కాబట్టి మాంటీ హాల్ పేరు చెప్పకుండా ఉండలేను. 1963 చివర్లో అమెరికాలో మొదలైన లెట్స్ మేక్ ఎ డీల్ ఆయనది. జనం వింత వేషాలు వేసుకుని వచ్చేవారు. చివర్లో ఆయన జనం మధ్యకు వెళ్లి, సంచిలో ఉడకబెట్టిన గుడ్డు ఉన్నవాళ్లకు ఇంత డబ్బు అనేవారు. నిజంగానే కొందరు గుడ్లు తెచ్చుకునేవారు.

నాకు ఆయన లెక్కల ద్వారా పరిచయం. తరగతిలో మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఒకదాని కింద రూపాయి పెడతాను. పిల్లవాడు ఒక చిప్ప మీద చేయి పెడతాడు. రూపాయి ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి, మిగతా రెండింటిలో ఖాళీ చిప్ప ఒకటి ఎత్తి చూపిస్తాను. ఇప్పుడు చేయి మారుస్తావా అంటే అందరూ ‘రెండే మిగిలాయి, సగం సగం, ఎందుకు మార్చాలి’ అంటారు. మార్చాలి. మొదట చేయి పెట్టినప్పుడు తగిలే అవకాశం మూడింట ఒకటి. నేను ఖాళీ చిప్ప ఎత్తినంత మాత్రాన అది పెరగదు. మిగిలిన రెండు వంతులూ పక్క చిప్పకు పోతాయి. నమ్మనివాళ్లను యాభైసార్లు ఆడించి బోర్డు మీద గీతలు పెట్టిస్తాను. పిల్లలు నమ్ముతారు, తోటి ఉపాధ్యాయులు నమ్మరు.

1990లో మేరిలిన్ వాస్ సావంత్ అనే ఆవిడ తన పత్రికా శీర్షికలో ఇదే జవాబు రాస్తే పదివేల దాకా ఉత్తరాలు వచ్చాయి, ఆవిడదే తప్పని. దాదాపు వెయ్యి డాక్టరేట్లు ఉన్నవాళ్లవి. తమాషా ఏమిటంటే, నిజమైన కార్యక్రమంలో ఆట అచ్చంగా ఇలా జరగలేదు. అక్కడ చిప్పలకు బదులు తలుపులు; తలుపు తెరవాలా వద్దా అన్నది తన ఇష్టమేనని హాల్ గారే చెప్పారు. అంటే లెక్క తెలిసినంత మాత్రాన చాలదు, ఎదుటి మనిషి మొహం కూడా చదవాలి.

పోస్టు మాస్టారు, విశ్రాంత (నరసన్నపేట)

పదివేల ఉత్తరాలు ఒక లెక్కా మాస్టారూ?

చేదు కాకర

లెక్కల మాస్టారూ, మీ చిప్పల ఆట రాత్రి ఇంట్లో ఆడించాను. మా ఆవిడ మార్చకుండా మూడుసార్లు వరసగా గెలిచింది. ఇప్పుడు నా మాటకు ఇంట్లో విలువ లేదు.

బొబ్బిలి టు డాలస్

గంటస్తంభం గారూ, రికార్డు మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఇక్కడ జెపర్డీ అనే క్విజ్ మొదట 1964 నుంచి పగటిపూటే వచ్చేది, ఆర్ట్ ఫ్లెమింగ్ నడిపేవారు. పదకొండేళ్లు నడిచినా ఆ ఎపిసోడ్లలో చాలావరకు ఇప్పుడు లేవు. టేపు ఖరీదు ఎక్కువ. ఒకటి ప్రసారం కాగానే దాని మీదే ఇంకొకటి తీసేవారు. రాత్రి కార్యక్రమాలంటే దాచేవాళ్లు. పగటివాటిని మళ్లీ ఎవరు చూస్తారని.

గంటస్తంభం (విజయనగరం)

2014 నాటికి టేపుల కష్టం లేదనుకుంటాను. నేను రెండు చోట్లకు మెయిలు పెట్టాను, జవాబు లేదు. యూట్యూబులో ఆ నెలవి దొరికినన్ని చూశాను. ఎందరు అత్తయ్యలో, మా అత్తయ్య తప్ప.

ఇచ్ఛాపురం ఇంటి పిల్ల

మొదటిసారి రాస్తున్నాను. హుద్‌హుద్ మా వైపు అంతగా తగలలేదు, మా వంతు 2018లో తిత్లీ. అందుకని ఆ వారం మా ఇంట్లో కరెంటు ఉంది, టీవీ నడిచింది. ఈ చర్చ అమ్మకు చదివి వినిపించాను. ‘నేను చూశాను’ అంది.

ఎలా గుర్తుందని అడిగాను. వార్తల్లో విజయనగరం చెట్లన్నీ పడిపోయి కనబడుతున్నాయి, మా పిన్ని వాళ్ల ఫోను నాలుగు రోజులుగా కలవడం లేదు. ఒంటిగంటకు చానలు మార్చేసరికి తెర మీద ఒకావిడ ‘విజయనగరం నుంచి వచ్చానమ్మా’ అంటూ నవ్వుతోందట. ‘అక్కడ ఊరు అలా ఉంటే ఈవిడ ఎలా నవ్వుతోందో’ అని అమ్మకు ముందు కోపం వచ్చిందట. ముందే తీసి పెడతారని నాన్న చెప్పాక శాంతించింది. పిన్ని కూడా ఎక్కడో ఇలాగే నవ్వుతూ ఉంటుందిలే అనుకుందట. అందుకే ఆ ఎపిసోడ్ పూర్తిగా చూసింది.

గ్లాసుల ఆట ముందు ఆవిడ రెండు చేతుల గాజులూ తీసి యాంకర్‌కు ఇచ్చి, ‘పట్టుకో తల్లీ, చప్పుడుకు చెయ్యి వణుకుతుంది’ అందట. యాంకర్ వాటిని తన చేతికి వేసుకుందట. మీ అత్తయ్యగారేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

దొరికారు!

గంటస్తంభం (విజయనగరం)

రాత్రి చదవగానే అత్తయ్య ఇంటికి వెళ్లాను. గాజుల దాకా వినిపించి ఆగాను. ఆవిడ వెంటనే, ‘గాజులు నేను ఎందుకు తీస్తాను? అది నా పక్కన నిలబడ్డ రాజమండ్రి ఆవిడ. ఆట అయ్యాక గాజులు తీసుకోవడం మరిచిపోతే నేనే గుర్తుచేశాను’ అన్నారు.

అంటే మనిషి వేరు, ఎపిసోడ్ మాత్రం అదే. తర్వాత అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. మావయ్య వార్తలు పెట్టబోతే వద్దని చేయి చూపారు. చివరికి నాతో, ‘ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారిని ఒక్కటి అడుగు. గ్లాసులు పడిపోయినప్పుడు నేను నవ్వానా, మొహం ముడుచుకున్నానా? నవ్వాననే అనుకుంటున్నాను’ అన్నారు.

ఇచ్ఛాపురం ఇంటి పిల్ల

అమ్మ ఇప్పుడే భోంచేసి నడుం వాల్చింది. లేచాక అడుగుతాను. మీ అత్తయ్యగారిది ఏ రంగు చీరో చెప్పండి, మళ్లీ రాజమండ్రి ఆవిడ రాకుండా.

గంటస్తంభం (విజయనగరం)

ఆకుపచ్చ. అంచు ఎరుపని అత్తయ్య, కాదు వంగపండు రంగని మావయ్య. బీరువా తాళం వెతుకుతున్నారు.